రెండు తెరల మీద ఒకే పువ్వు

క్యాసెట్ తిరుగుతోంది. తిరిగే చప్పుడు కంటే దాని కడుపులోంచి వచ్చే కీచు అరుపే ఆదివారం పొద్దున్నే నేత సంఘం గది నిండా పరుచుకుంది. వాన వెలిసిన సాయంత్రం పొలం గట్ల మీద కీచురాళ్లన్నీ ఒక్కసారి మొదలుపెట్టినట్టు, మధ్యలో గొంతు మారి రేకు మీద ఇసుక జార్చినట్టు, మళ్లీ కీచురాళ్లు, మళ్లీ ఇసుక. అనసూయ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆ అరుపే వింటోంది. ఇందులోనే ఉంది పువ్వు, అనుకుంది. అత్తమ్మ పువ్వు. ఎర్ర రేకులు, నల్ల అంచు, రేకుల చుట్టూ లేత నీలం గీత, నడుమ తెల్లటి గుండె, అన్నీ ఈ అరుపులోనే ఉన్నాయంటే ఎన్నిసార్లు కళ్లారా చూసినా ఆమెకు నమ్మకం కుదరదు. కంప్యూటర్ మీద నేత పువ్వులు గీయడం నేర్పే హనుమకొండ శిక్షణ కేంద్రంలో రాజేశ్వర్ రావు సార్ మొదటిరోజే చెప్పాడు, కంప్యూటర్‌కు సొంతంగా ఏదీ గుర్తుండదమ్మా, కరెంటు పోతే అంతా మరిచిపోతుంది, అందుకే పాటల క్యాసెట్ మీద దాచుకుంటాం, మళ్లీ వినిపిస్తే మళ్లీ నేర్చుకుంటుంది అని. పక్కనున్న ఆడవాళ్లందరూ నవ్వారు, అనసూయకు మాత్రం ఆ పెట్టె మీద జాలి కలిగింది, రోజూ పొద్దున్నే అన్నీ మొదటినుంచి నేర్చుకోవాల్సిన ప్రాణి ఎంత అలసిపోతుందో పాపం అని.

హార్మోనియం అంత ఉన్న ఆ పెట్టె వెనుక రెండు రంధ్రాలున్నాయి. ఒకదాంట్లోంచి పోయిన తీగ సార్ రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన చిన్న మానిటర్‌కు చేరింది. రెండోదాంట్లోంచి పోయిన తీగ కొత్తవాడ నేతగాళ్లందరూ కలిసి కొనుక్కున్న సంఘం కలర్ టీవీకి చేరాలి. డాబా మీది యాంటెన్నా కడ్డీ నుంచి వచ్చే తీగ పీకి దాని స్థానంలో దీన్ని పెట్టాలి. సార్ టీవీ వెనుక గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు, ఆయన మడమలు తప్ప ఏమీ కనబడటం లేదు. గుమ్మంలో తాళాల గుత్తితో సంఘం ప్రెసిడెంటు బుచ్చిరాములు.

"సారూ, తొమ్మిదింటికి నా టీవీ నాకు కావాలె. వాడంత వస్తది. బొమ్మ రాలేదనుకో, నన్నే పడుగు లెక్క గుంజి కడ్తరు."

"ఫికర్ చెయ్యకే అన్నా. దేవుండ్ల సీరియల్ అయినంక వాళ్లందరికి చూపెట్టాల్నని నువ్వే అంటివి గదా. ఒక్కసారి కలుస్తదో లేదో చూసుకోనియ్యి."

"కలుస్తదో లేదో అంటవేంది మరి!"

గోడ పక్కన బల్ల మీద భాగ్యమ్మ కూర్చుని ఉంది, కొంగు మోకాళ్ల మీద పరుచుకుని, ముఖం వాకిలి వైపు తిప్పుకుని. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన అద్దాల్లో కుడివైపుది సీసా అడుగంత మందం, అందులోంచి ఆ కన్ను ముఖానికి మించి పెద్దగా కనబడుతుంది, ఎడమది మామూలు అద్దం, దాని వెనుక కన్ను మామూలుగానే ఉంటుంది. సంఘంల జర పని ఉన్నది తోడు రా అత్తమ్మా, అని చెప్పి తీసుకొచ్చింది అనసూయ. ఏం పనో చెప్పలేదు. చెబితే రాదు. చెప్పకుండా తేవడం తప్పేమో, కానీ రేపు సోమవారం, రేపు హసన్‌పర్తి నుంచి మనిషి వచ్చి పెద్ద మగ్గం కొని విప్పుకుని పోతాడు, నిన్న అన్నం తింటూ మొగుడు యాకయ్య ఆ మాట పప్పు బాగుందన్నంత మామూలుగా చెప్పాడు. ఇద్దరు కూసునే మగ్గం ఒక్కదానికెందుకే, చిన్నది పెట్టుకుందాం, అమ్మ ఇగ కూసోదు గదా. అవును, కూర్చోదు. భాగ్యమ్మ కూడా వింది, లేచి వెళ్లి కుండలో నీళ్లున్నాయో లేదో చూసింది, ఉన్నాయి, మళ్లీ మూత పెట్టింది. ఈ పెద్ద టీవీ మీద, ఇంత వెడల్పున, రంగులతో తన పువ్వు తనకే కనబడితే మనసు మారుతుందేమో. చూపు ఆనక కదా మానేసింది, ఆనేంత పెద్దగా చూపిస్తే కూర్చుంటుందేమో. అంతకు మించి ఏ ఉపాయమూ లేదు అనసూయ దగ్గర.

మగ్గం ముందు నేతగాళ్లు కూర్చునే ఆ చెక్క పలక. పెళ్లయి వచ్చిన కొత్తలో దాని మీద కూర్చోమంటే అనసూయ భయపడింది, తొర్రూరు దగ్గర వాళ్ల ఊళ్లో చిన్న మగ్గాలే, చీర పన్నా తప్ప నేల మీద పరిచే జంఖానా వెడల్పు ఆమె ఎరగదు. భాగ్యమ్మ పలకకు ఒక కొసన కూర్చుని, రెండో కొస అరచేత్తో తుడిచి, "రా బిడ్డా, జంఖానా మీద నడుస్తరు, దీనికి సిగ్గువడేదేమున్నది" అన్నది. తర్వాత రంగులు చెప్పడం మొదలుపెట్టింది. నల్ల మూడు. ఎర్ర అయిదు. నల్ల ఒకటి. పెద్దవాళ్లు చెప్తారు, చిన్నవాళ్లు వింటారు, మగ్గం మీద చిన్నవాళ్లు నోరు విప్పరు. పువ్వుకు రెండు పక్కలూ సమానం కాబట్టి ఒక్క మాట చాలు, ఆమె ఎడమ అంచు నుంచి నడుమకు, అనసూయ కుడి అంచు నుంచి నడుమకు, అదే మాటకు రెండు చేతులు, చివరికి రెండు నూలు కండెలూ మధ్యలో వచ్చి కలుసుకుంటాయి, అప్పుడు ఇద్దరూ దువ్వెనల్లాంటి పంజాలు అందుకుని ఆ వరుసను దబదబ దిగగొడతారు. ఊళ్లో బడి కూడా అంతే కదా, ఒకటే గది, ఇటు రెండో తరగతి, అటు నాలుగో తరగతి, నడుమ పంతులు ఒక్కడే. ఆయన 'ఏరు' అంటే ఇటువాళ్లు రాత పలక మీద ఆ రెండక్షరాలూ రాసుకునేవాళ్లు, అటువాళ్లు అది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో చెప్పేవాళ్లు. అనసూయ రెండో తరగతిలో ఉండగా నాలుగో తరగతి ఏరు వినేది, నాలుగులో ఉండగా రెండో తరగతి పలకల్లోకి చూసేది. ఒకే మాట అటువైపు వాళ్లకు ఎలా వినబడుతుందో తెలుసుకోవాలని ఉండేది. ఎప్పుడూ పూర్తిగా తెలియలేదు.

అరుపు ఆగింది. గది ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. మానిటర్ మీద పైనుంచి కిందికి, వరుస తర్వాత వరుస, ఎవరో కనబడని మగ్గం మీద తొందరగా నేస్తున్నట్టు, పువ్వు దిగింది. ఆకుపచ్చ పువ్వు. రేకులూ పచ్చన, అంచూ పచ్చన, ముదురు పచ్చ, లేత పచ్చ, అంతే తేడా, కానీ గళ్లు మాత్రం సూదితో గుచ్చినంత తేటగా ఉన్నాయి, వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు.

"వచ్చిందా అనసూయమ్మా?" అన్నాడు సార్ టీవీ వెనుక నుంచి.

తల ఊపింది. ఆయనకు కనబడదని గుర్తొచ్చి "వచ్చింది సార్" అంది.

టీవీ మీద మాత్రం చీమలే. లక్షల చీమలు, తెల్లవీ నల్లవీ, ఎటూ పోకుండా ఉన్నచోటే కొట్టుకుంటున్నాయి, మిల్లు లోపల నిలబడినట్టు హోరు. సార్ ముందుకు వచ్చి టీవీ పక్కనున్న చిన్న మూత తెరిచి, గోటితో ఒక చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా, చెవి దగ్గర గడియారం పెట్టుకున్నవాడిలా. చీమల మధ్య ఏదో నీడ కదిలి పోయింది. వెనక్కి తిప్పాడు. లేదు. బుచ్చిరాములు గుత్తిలోని తాళం చెవులు ఒక్కొక్కటే జరుపుతున్నాడు, భాగ్యమ్మ వాకిట్లో పోతున్న మేకను చూస్తోంది. లేదా మేక పోయిన చోటును చూస్తోంది.

దవాఖాన నుంచి తెచ్చిన రోజు కూడా ఇలాగే వాకిలి వైపే చూసింది. ఒక్క కన్నుకే చేశారు, రెండోదాంట్లో పొర ఇంకా ముదరాలి, ముదిరాక రమ్మన్నారు. పచ్చ గుడ్డ విప్పిన మొదటి క్షణం ఆమె అనసూయ చేతిని పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది. కనబడుతోందా అత్తమ్మా అంటే కనబడుతోంది అంది. అంతే. కొన్నాళ్లకు మళ్లీ పలక ఎక్కింది, మళ్లీ రంగులు చెప్పింది, ఆ జంఖానా మీద ఇదే పువ్వు. తెల్ల మూడు అన్నది నోరు, చేయి పోయి లేత నీలం కండె అందుకుంది. అనసూయ చూసింది. నోటిని వినాలా చేతిని అనుసరించాలా అని ఒక రెప్పపాటు ఆగింది, తర్వాత తానూ లేత నీలమే అందుకుంది, ఎందుకంటే మగ్గం మీద పెద్దవాళ్ల చేయి ఎటుపోతే అటే పోవాలి, ఇంట్లో ఈ నీలాన్నే తెలుపు అంటారేమో అని కూడా అనుకుంది. నీలం అన్నప్పుడు తెల్ల కండె. అలాగే మొదటి నుంచి చివరి దాకా. రెండు పక్కలూ ఒకేలా తప్పుగా వచ్చాయి, ఒకేలా వచ్చాయి కనుక తప్పని వాళ్లకు తెలియలేదు, నడుమ చక్కగా కలిశాయి కూడా. ఇదే గదిలో, ఇదే నేల మీద పరిస్తే తెలిసింది. ఏంది వదినె, పువ్వు నడిమిట్ల చెరువు తవ్వినవా, అన్నాడు బుచ్చిరాములు. అందరూ నవ్వారు. భాగ్యమ్మ కూడా నవ్వింది, అందరికంటే ఎక్కువసేపు నవ్వింది, ఇంటికొచ్చి కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చుంది. ఆ తర్వాత పలక ఎక్కలేదు. నడుము నొప్పి అంది. నొప్పున్న మనిషి రాట్నం ముందు పొద్దంతా కూర్చోదని అనసూయకు తెలుసు, అయినా నడుముకు నూనె రాసింది రోజూ. రాయించుకుంది ఆమె కూడా, ఆ అబద్ధాన్ని ఇద్దరూ కలిసి ఆముదంతో మర్దన చేశారు. అనసూయ ఒక్కతే సగం వరుస నేసి, లేచి, అటు పోయి కూర్చుని, మిగతా సగం నేస్తోంది, అటు కూర్చున్నప్పుడు ఆమె చేయి ఇంకొకరి చేయిలా ఉంటుంది, ఎంత జాగ్రత్తపడ్డా నడుమ సన్నటి గట్టులాంటి కట్ట లేస్తుంది, అరచేత్తో తడిమితే తగులుతుంది.

"ఆగు ఆగు," అన్నాడు సార్ తనకు తానే.

చీమలు ఒక పక్కకు ఒరిగాయి. హోరు తగ్గింది. ఒక ఎర్రటి మరక, వంకరగా, జారిపోతూ, మళ్లీ నిలబడి, గోరు ఇంకొంచెం, ఇంకొంచెం, చటుక్కున పువ్వు టీవీ నిండా విచ్చుకుంది. ఎంత పెద్ద పువ్వు! ఎరుపు ఎర్రగా ఉంది, నీలం నీలంగా ఉంది, గుండె తెల్లగా ఉంది. కానీ ఏ రంగూ తన గడిలో నిలబడటం లేదు, ఎరుపు నలుపులోకి పాకింది, అంచులు తడిబట్టకు అంటిన కుంకుమలా చెదిరిపోయాయి, లెక్క పెడదామంటే గడి ఎక్కడ మొదలైందో తెలియదు. అనసూయ బల్ల వైపు తిరిగి చూసింది. ఇంత చెదిరిన దాన్నా అత్తమ్మకు చూపించడానికి తెచ్చింది? సార్ మాత్రం మురిసిపోయి చేతులు దులుపుకుంటున్నాడు.

"పెద్దమ్మా, జర ఇటు చూడే. నీ కోడలు గీసింది. నీ పువ్వేనట గదా."

భాగ్యమ్మ చూడదేమో అనుకుంది. చూసింది. లేచి వచ్చింది కూడా, బల్ల పట్టుకుని, మొదట మానిటర్ ముందు వంగింది, ముక్కు ఆనేంత దగ్గరగా. చాలాసేపు. వేలు ఎత్తి అద్దాన్ని తాకకుండా గళ్ల మీద నడిపించింది, పెదవులు కదిలాయి, మూడు, అయిదు, ఒకటి. గుండె దగ్గరికి వచ్చి వేలు ఆగింది.

"సారూ, దీంట్ల తెలుపేది, నీలమేది?"

సార్ వంగి చూశాడు. "దీంట్ల తెలువది పెద్దమ్మా. రెండు ఒక్కతీర్గనే కనబడ్తయి. దీనికి అంతా పచ్చనే."

"దీనికి తెలువదా?"

"తెలువది."

ఆమె నిటారుగా నిలబడింది. టీవీ వైపు తిరిగింది. తర్వాత మళ్లీ మానిటర్ వైపు. ఆ ముఖంలో ఏదో కదులుతోంది, ఇందాక చీమల మధ్య నీడ కదిలినట్టు.

"ఒక్క పువ్వేనా ఇది? గా పెద్దదీ, ఈ చిన్నదీ?"

"రెండింట్లకు పోయేది ఒక్కటేనమ్మా. చూపెట్టుడే తేడా."

"ఏది నిజం మరి?"

సార్ నవ్వలేదు. తల గోక్కున్నాడు. "పూరా నిజం ఏదీ గాదు. గళ్లు లెక్కవెట్టాల్నంటే ఇది మంచిది, రంగు తెలువాల్నంటే అది. ఒక్కదాంతోని పని గాదనే గదా రెండు తీగలు గుంజింది."

భాగ్యమ్మ మళ్లీ బల్ల మీద కూర్చుంది. అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నా రెండు కండ్లు తీసి గా బల్ల మీద పెట్టినట్టున్నది బిడ్డా," అంది, సార్‌తో కాదు, బుచ్చిరాములుతో కాదు. "కోసిన కంటికి అంత పెద్దగ, నీలం నీలంగ. సున్నం గోడ నీలమే, అన్నం నీలమే. కొయ్యని కంటికి చిన్నగ, పసుపు నీళ్లల్ల ముంచినట్టు. నీ మొఖం రెండు మొఖాలు. నీ బొట్టు రెండు బొట్లు. ఏది నమ్మాల్నో తెల్వక నాకు మతి తప్పుతాందనుకున్న. ఎవరికి జెప్పుదు? ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోలుకపోతరని భయమైంది."

నూనె రాసిన రోజులన్నీ కళ్ల ముందు తిరిగాయి, ఆ నడుము కింద ఇంత భయం దాక్కుని ఉందని వేళ్లకు ఒక్కసారైనా తగలలేదు. అన్నం వడ్డించినప్పుడు ఆమె ఎందుకు పళ్లెం వంక అంతసేపు చూసేదో. దీపం దగ్గర ఒక కన్ను మూసి, తెరిచి, ఇంకో కన్ను మూసి, ఎవరైనా చూస్తే నలక పడిందని ఎందుకు అనేదో. దగ్గరికి వెళ్లి కింద కూర్చుంది, ఆమె మోకాలి మీద చేయి వేసింది, కొంగు తడిగా ఉంది అప్పటికే.

"దీన్ని చూసి ఎవ్వరు నవ్వరా సారూ?" భాగ్యమ్మ మానిటర్‌ను చూపించింది. "తెలుపేదో నీలమేదో తెల్వదు గదా దీనికి."

"ఎందుకు నవ్వుతరు పెద్దమ్మా. లెక్క తప్పదు అది. నేను ఒళ్లె వెట్టుకొని తెచ్చుకున్న."

గుమ్మంలో తాళాల చప్పుడు ఆగిపోయింది. బుచ్చిరాములు వదినె అన్నాడు, తర్వాత "చాయ్ తెప్పిస్త" అని గబగబా మెట్లు దిగిపోయాడు, హోటల్ ఉన్నది రెండో వైపునని కూడా చూసుకోకుండా.

అప్పటికే వాకిట్లో చెప్పులు విడుస్తున్నారు. ముందుగా వచ్చిన మొగిలమ్మ చాప చంకలో పెట్టుకుని గడపలోనే నిలబడిపోయింది. "ఏందే భాగ్యక్కా, టీవీల జంఖానా పరిచిండ్రు! గింత మంచిగ పరిస్తే దేవుండ్లు చెప్పులు విడిచి రావాల్నా ఏంది?" భాగ్యమ్మ అద్దాలు పెట్టుకుని నవ్వింది. ఈసారి కొంచెమే నవ్వింది. సార్ తీగ పీకాడు, టీవీ మీద పువ్వు చిట్లి చీమలైంది, మానిటర్ మీద మాత్రం అలాగే నిలబడి ఉంది. పై తీగ తగిలించగానే ప్రకటనలు వచ్చాయి, గది నిండిపోయింది, పిల్లలు ముందుకు పాకారు, చాయ్ గ్లాసులతో తిరిగి వచ్చిన బుచ్చిరాములు మొదటి గ్లాసు భాగ్యమ్మకు ఇచ్చాడు. నిలబడే తాగి ఆమె గ్లాసు కింద పెట్టింది.

"పా, ఇంటికి పోదాం."

"సీరియలు?"

"రెండు మొఖాల దేవుణ్ణి ఏం జూస్తనే. పా."

వాడంతా నిర్మానుష్యంగా ఉంది, ఏ ఇంట్లోనూ పంజా చప్పుడు లేదు, గోడల మీద ఆరేసిన రంగు నూలు చిలపలు మాత్రం ఎండలో వేలాడుతున్నాయి, నల్లవి, ఎర్రవి, ఇంకేవో. నడుస్తూ నడుస్తూ భాగ్యమ్మ ఒక చిలప దగ్గర ఆగింది, అరచేత్తో కుడికన్ను మూసి చూసింది, ఎడమది మూసి చూసింది. అనసూయ పక్కనే ఆగింది. ఇన్నాళ్లూ చాటుగా చేసిన పనిని ఆమె నడివీధిలో చేస్తోంది, నలక పడిందని కూడా అనడం లేదు. గోడకు ఒక పక్క నుంచి చూస్తే ఒక వీధి, ఇంకో పక్క నుంచి చూస్తే ఇంకో వీధి, ఉన్నది ఒకటే గోడ, తన ముఖం ఆ రెండు కళ్లలో ఎలా ఉంటుందో, పెద్దదాంట్లో ముక్కు మరీ లావుగా ఉంటుందేమో అని అనసూయకు హఠాత్తుగా సిగ్గేసింది, నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకుంది. ఏమైందే అంటే ఏం లేదు అంది. ఇంటి తలుపు తీస్తూ భాగ్యమ్మ, "రేపు గా హసన్‌పర్తి మనిషి వస్తే మజ్జిగ పోసి పంపియ్యి. ఎండకువడి వస్తడు," అంది.

పోసి పంపియ్యి అంది. మగ్గం విప్పియ్యి అనలేదు. అనసూయ ఆ మాటను రెండుసార్లు మనసులో అనుకుని చూసుకుంది.

భాగ్యమ్మ కాళ్లు కడుక్కుని వచ్చి పలక ఎక్కింది. చాలా రోజులుగా ఒక్కరి బరువుకే అలవాటు పడిన పలక కిర్రుమని కొంచెం కిందికి వంగి, అనసూయ రెండో కొసన కూర్చోగానే సమానమైంది. పడుగు మీద సగం పువ్వు ఉంది, నడుమ కట్ట ఉంది. ఆమె దాన్ని తడిమింది, గోటితో ఒకటి రెండు పోగులు సర్దింది. తర్వాత వంగి, వేలితో పోగులు లెక్కపెట్టుకుంటూ పోయింది.

"మూడు," అంది.

అని ఆగింది. అనసూయ అలవాటు కొద్దీ ఆమె చేయి ఏ కండె వైపు పోతుందా అని చూసింది. చేయి కదల్లేదు. ఒళ్లో అలాగే ఉంది, అరచేయి పైకి తిరిగి. ఆ పెద్ద కన్నూ ఈ చిన్న కన్నూ రెండూ అనసూయ నోటి వైపే చూస్తున్నాయి. బయట ఎక్కడో సంఘం గది నుంచి సీరియల్ సంగీతం సన్నగా వినబడుతోంది.

"తెల్ల," అంది అనసూయ, ఊపిరంత మెల్లగా.

"జర గట్టిగ చెప్పవే. నీ దిక్కుకే ఉన్నదా మగ్గం? ఇటు గూడ వినబడాలె."

"తెల్ల మూడు, అత్తమ్మా," అంది అనసూయ, గొంతు గది అవతలి గోడకు తగిలేలా, ఇద్దరి చేతులూ రెండు అంచుల నుంచి బయల్దేరాయి.